‘అందరు’ అంటె ఎవరు? ఓటేసినందుకు కోర్టు బోనెక్కిన సుసాన్ ఆంథొనీ

1872 నవంబర్ 18 నాడు అమెరికాల రోచెస్టర్ అనే పట్నంల, మాడిసన్ వీధిల ఒక ఇంటికి సర్కారు అధికారి ఒకాయన వచ్చిండు. అరెస్టు చెయ్యనీకె వచ్చిండు గాని ఆ మాట నోట్లకెల్లి వస్తలేదు. మొహమాటపడుకుంట, నీళ్లు నములుకుంట ఎట్లనో చెప్పిండు. మీరే వీలు చూసుకొని ఆఫీసుకు రాండ్రి అన్నట్టు మాట్లాడిండు. ఆ ఇంటామె ఒప్పుకోలే. మొగోళ్లను గూడ గిట్లనే అరెస్టు చేస్తరా అని అడిగింది. చేతులు ముందుకు చాపి బేడీలు ఎయ్యమన్నది. ఆయన ఎయ్యలే. ఇద్దరు ట్రాము బండెక్కిన్రు. కండక్టరు వచ్చి టికెటు పైసలు అడిగితే, నేను సర్కారు ఖర్చు మీద పోతున్న, ఈయన్ను అడుగుమని అందరికి ఇనవడేటట్టు చెప్పింది.

ఆమె పేరు సుసాన్ బి. ఆంథొనీ. అప్పటికి వయసు 52. పెండ్లి చేసుకోలే. ఆమె చేసిన నేరం ఏందంటె, 13 రోజుల కింద పోయి ఓటేసి వచ్చింది.

ఈ ముచ్చట సమజ్ కావాల్నంటె ఇంకో వందేండ్లు ఎనకకు పోవాలె. 1776 జులైల ఫిలడెల్ఫియా పట్నంల పెద్దమనుషులు కూసొని, బ్రిటిష్ రాజుతోని మాకు సంబంధం లేదని ఒక ప్రకటన ఖరారు చేసిన్రు. మనుషులంత పుట్టుకతోనే సమానం, జనం ఒప్పుకోలు లేకుంట ఎవ్వరూ రాజ్యం చెయ్యరాదు అన్నది దాని సారం. అమెరికా దేశం పుట్టిందే ఆ మాట మీద. గాని దాన్ని రాసిన జెఫర్సన్ దగ్గర్నే బానిసలు వందల మంది ఉండె. ఆ ఏడాదే జాన్ ఆడమ్స్ భార్య అబిగెయిల్ తన పెనిమిటికి చిట్టి రాసింది, కొత్త చట్టాలు చేసేటప్పుడు ఆడోళ్లను యాది మరువొద్దని. ఆయన నవ్వి పక్కకు పెట్టిండు. ఒక్క న్యూజెర్సీల మాత్రం ఆస్తి ఉన్న ఆడోళ్లు కొన్నేండ్లు ఓటేసిన్రు. 1807ల ఆ హక్కు గూడ గుంజుకున్నరు. ‘అందరు’ అన్నరు గాని, ఆ మాటల ఎవరున్నరో ఎవరు లేరో చెప్పలే. సుసాన్ బతుకంత ఆ మాటను పట్టుకొని అడిగిన బతుకే.

1820 ఫిబ్రవరి 15న మసాచుసెట్స్ రాష్ట్రంల ఆడమ్స్ అనే ఊర్ల పుట్టింది. అయ్య డేనియల్ నూలు మిల్లు నడిపేటోడు. వాళ్లది క్వేకర్ల ఇల్లు. క్వేకర్ల ప్రార్థనల ఆడోళ్లు గూడ లేసి మాట్లాడొచ్చు. బయట చానా చర్చిలల్ల ఆ రోజులల్ల అది నడవదు. చిన్నప్పుడు సుసాన్ మిల్లుల ఒక పనామెను చూసింది. నేత పని మేస్త్రి కన్న ఆమెకే ఎక్కువ తెలుసు. మరి ఆమెనే ఎందుకు మేస్త్రి చెయ్యవు అని అయ్యను అడిగింది. అంత మంచి మనిషి గూడ, ఆడమనిషి మేస్త్రి అయితె ఎట్ల నడుస్తది బిడ్డా అన్నట్టే మాట్లాడిండు. బడిల పెద్ద భాగహారం లెక్క మొగపిల్లలకే చెప్పేటోళ్లు. అది తెలిసినంక ఆ అయ్యనే పిల్లలను బడి మాన్పించి ఇంట్లనే బడి పెట్టిండు. మనుషులు గట్లనే ఉంటరు. ఒక కాడ కండ్లు తెరుస్తరు, ఇంకో కాడ మూస్తరు.

1837ల దేశమంత బ్యాంకులు కుప్పకూలినయి. డేనియల్ దివాలా తీసిండు. ఇంట్ల సామానంత హర్రాజుకు పెట్టిన్రు. తల్లి పుట్టింటి నుంచి తెచ్చుకున్నయి, పిల్లల బట్టలు గూడ ఆ లిస్టుల ఉన్నయి. ఎందుకంటె ఆనాటి చట్టంల పెండ్లయిన ఆడిదానికి సొంతం అంటూ ఏం లేదు. ఆమె కష్టం చేసి తెచ్చిన కూలి మొగనిది. ఆమె పుట్టింటి భూమి మొగనిది. పిల్లలు గూడ చట్టం ప్రకారం మొగనోళ్లే. ఆఖరికి మేనమామ వచ్చి ముఖ్యమైన సామాను పాటల కొని తోడవుట్టినామెకే ఇచ్చిండు. 1845ల రోచెస్టర్ దగ్గర వ్యవసాయ భూమి తీసుకున్నప్పుడు గూడ గదే తిప్పలు. తల్లి వాటాకు వచ్చిన పైసలతోనే కొన్నరు గాని, తల్లి పేరు మీద పెడితే అప్పులోళ్లు గుంజుకపోతరని మేనమామ పేరు మీద పెట్టిన్రు. 1848ల న్యూయార్క్ రాష్ట్రం చట్టం మార్చినంకనే ఆ భూమి తల్లి పేరు మీదికి వచ్చింది.

సుసాన్ పంతులమ్మ అయింది. వారానికి రెండున్నర డాలర్ల జీతం. అదే పని చేసే మొగ పంతులుకు దానికి నాలుగింతలు. ఆ కోపం ఆమెల పదేండ్లు నానింది.

1848 జులై 19, 20 తారీఖులల్ల సెనెకా ఫాల్స్ అనే చిన్న ఊర్ల ఆడోళ్ల హక్కుల మీద మొదటి సభ అయింది. ఎలిజబెత్ కేడీ స్టాంటన్ ఆ 1776 ప్రకటననే ముందల పెట్టుకొని, రాజు ఉన్న కాడ మొగోళ్లను పెట్టి, మొగోళ్లు ఆడోళ్లకు చేసిన అన్యాయాలు వరుసవెట్టి రాసింది. నూరు మంది సంతకం పెట్టిన్రు, అండ్ల 32 మంది మొగోళ్లు. ఓటు హక్కు అడుగుడు మాత్రం సభల ఉన్నోళ్లకే అతి అనిపించింది, నవ్వులపాలైతమన్నరు. అప్పుడు లేసి స్టాంటన్ పక్షాన మాట్లాడింది ఫ్రెడరిక్ డగ్లస్, బానిసత్వం నుంచి తప్పించుకొని వచ్చిన నల్లజాతి నాయకుడు. ఆయన మాట్లాడినంకనే ఓటు తీర్మానం జర్రంతల గట్టెక్కింది. సుసాన్ ఆ సభల లేదు. రెండు వారాలకు రోచెస్టర్ల అయిన సభకు ఆమె అమ్మ, అయ్య, చెల్లె పోయి సంతకం పెట్టొచ్చిన్రు. ఆమె దూరంగ పాఠాలు చెప్పుకుంటుండె.

1851ల సెనెకా ఫాల్స్ బజార్ల స్టాంటన్, సుసాన్ కలిసిన్రు. అది యాభై ఏండ్ల దోస్తానా అయింది. స్టాంటన్‌కు ఏడుగురు పిల్లలు, ఇల్లు కదిలేందుకు లేదు. ఆమె రాసేది, సుసాన్ ఊర్లు తిరిగి చెప్పేది. ఒక్కోపారి సుసాన్ పోయి పిల్లలను ఎత్తుకొని పొయ్యికాడ నిలవడితే, స్టాంటన్ పక్క గదిల కూసొని ఉపన్యాసం రాసేది. సంఘాలు నడిపినోళ్లకు తెలుస్తది ఈ పని ఎంత పెద్దదో.

మాట్లాడనిచ్చుడే గగనం. 1852ల తాగుడు బంద్ చెయ్యాలన్న సభకు పోతే, ఆడోళ్లను పిలిచింది ఇననీకె, మాట్లాడనీకె కాదన్నరు. లేసొచ్చి వేరే సభ పెట్టింది. మరుసటేడు పంతుళ్ల సభ. వచ్చినోళ్లల్ల మూడింట రెండొంతులు ఆడోళ్లే, ఒక్కరు నోరు తెరుస్తలేరు. పంతుళ్లకు ఎందుకు మర్యాద లేదని మొగోళ్లు గంటలు గంటలు మాట్లాడుతున్రు. సుసాన్ లేసి నిలవడ్డది. ఆమెను మాట్లాడనియ్యాల్నా వద్దా అని అరగంట కొట్లాడుకున్నరు, అరగంట ఆమె నిలవడే ఉన్నది, కూసుంటె పోయిన మోకా మళ్ల రాదని. ఆఖరికి ఆమె చెప్పిన ముచ్చట చిన్నది. ఆడిదానికి వకీలు, డాక్టరు అయ్యే తెలివి లేదు గాని పంతులమ్మ అయ్యే తెలివి ఉన్నదని మీరే అంటున్రు, అట్లయితె పంతులు పనికి వచ్చిన మొగోడు నాకు ఆడిదాని కన్న ఎక్కువ తెలివి లేదని ఒప్పుకున్నట్టే గదా, ఇగ మీకు మర్యాద ఎక్కడికెల్లి వస్తది అన్నది.

ఇగ దర్ఖాస్తులు. 1854 క్రిస్మస్ నాడు యాభై డాలర్లు అప్పు తీసుకొని బయలెల్లి, నడి చలికాలంల మంచుల బండ్ల మీద న్యూయార్క్ రాష్ట్రంల 60 కౌంటీలకు 54 తిరిగింది. కౌంటీ అంటె మన జిల్లా లెక్క. పెండ్లయిన ఆడోళ్ల కూలి వాళ్లకే ఉండాలె, పిల్లల మీద తల్లికి గూడ హక్కుండాలె, ఆడోళ్లకు ఓటుండాలె అని సంతకాలు తీసుకున్నది. శాసనసభల కమిటీ ఆ కాయితాలు చూసి ఎక్కిరించింది. బండిల మంచి సీటు ఆడోళ్లకే ఇస్తున్నం, ఇంక ఏం బాధ అని, మొగుడు పెండ్లాం ఇద్దరు సంతకం పెట్టిన ఇంట్ల ఇద్దరు బట్టలు మార్చుకోవచ్చని రిపోర్టు రాసిన్రు. సభ మొత్తం నవ్వింది. ఆమె మళ్ల తిరిగింది. 1860ల చట్టం వచ్చింది, కూలి ఆమెది, ఆస్తి ఆమెది, పిల్లల మీద సమాన హక్కు. గాని యుద్ధం మొదలైతె ఆడోళ్లు తమ కొట్లాట ఆపి దేశం పనిల పడ్డరు. అదను చూసి 1862ల పిల్లల మీద హక్కు ముక్కను తీసేసిన్రు. ఆపితే ఏమైతదో ఆమెకు అప్పుడు తెలిసొచ్చింది.

బానిసత్వం మీద గూడ ఆమె అంతే గట్టిగ కొట్లాడింది. 1861 మొదట్ల సిరాక్యూస్ పట్నంల గుంపులు ఆమె దిష్టిబొమ్మను బజార్ల గుంజి కాలవెట్టినయి. యుద్ధకాలంల స్టాంటన్‌తోని కలిసి, బానిసత్వం మొత్తానికే బంద్ చెయ్యాలని నాలుగు లక్షల దాక సంతకాలు కూడవెట్టి కాంగ్రెసుకు పంపింది.

ఇగ ఇక్కడ ఆమె బతుకుల మచ్చ ఉన్నది. చాలామంది ఇది దాటేసి రాస్తరు. దాటేస్తే ఆ మనిషి సమజ్ కాదు.

యుద్ధం అయిపోయినంక 1868ల 14వ సవరణ వచ్చింది. ఈ దేశంల పుట్టినోళ్లంత పౌరులే అన్నది. గాని అదే సవరణల, ఓటు లెక్క చెప్పే కాడ, రాజ్యాంగంల మొదటిపారి ‘మగ’ అన్న మాట పెట్టిన్రు. 1870ల 15వ సవరణ జాతిని, రంగును చూసి ఓటు ఆపొద్దన్నది, ఆడ మగ ముచ్చట ఎత్తనే లేదు. ఇన్నేండ్లు పక్కపొంటి నడిచిన దోస్తులు ఇది నల్లోళ్ల వంతు, మీరు ఆగున్రి అన్నరు. సుసాన్, స్టాంటన్ ఆగమన్నరు. ఇస్తే ఇద్దరికి ఇయ్యాలె, లేకుంటె ఆ సవరణనే వద్దన్నరు. ఇంతవరకు న్యాయమే అనిపిస్తది. గాని కోపంల వాళ్లు పోయిన తొవ్వ మంచిది కాదు. నల్లోళ్లను ఈసడించే జార్జ్ ట్రెయిన్ అనే పైసలున్నోని సాయం తీసుకొని పేపరు పెట్టిన్రు. 1869 మే నెల న్యూయార్క్ సభల డగ్లస్ ఎదురుంగనే, అందరికి ఒక్కపారి ఇయ్యకుంటె చదువు, తెలివి ఉన్నోళ్లకు ముందుగాల ఇయ్యాలె అన్నట్టు సుసాన్ మాట్లాడింది. ఆమె లెక్కల ఆ తెలివి ఉన్నోళ్లు ఎవరో చెప్పనక్కర్లే. డగ్లస్ జవాబు గుండెకు తగిలేది. ఆడోళ్లను ఆడోళ్లయినందుకు ఇండ్లల్లకెల్లి గుంజి స్తంభాలకు ఉరేస్తలేరు, మా ఇండ్లు కాలవెడుతున్రు, మాకు ఓటు ప్రాణం ముచ్చట అన్నడు. నల్ల ఆడోళ్ల సంగతేంది అని ఎవరో అరిచిన్రు. వాళ్లకు గూడ ఇదే గతి, అది నల్లోళ్లయినందుకు అన్నడు. ఆ సభల ఫ్రాన్సెస్ హార్పర్ అనే నల్లజాతి కవయిత్రి గూడ ఉన్నది. రెండు బరువులు మోసేటామె ఆమెనే. ఆ ఇద్దరి కొట్లాటల ఆమె వాటా ఎవరూ పట్టించుకోలే. సంఘం రెండు ముక్కలైంది, కలవనీకె 1890 దాక పట్టింది. ‘అందరు’ అన్న మాటల మేమెందుకు లేము అని అడిగిన మనిషి, ఆ మాటల నుంచి ఇంకొకరిని జరిపింది.

పేపరు దివాలా తీసింది. పదివేల డాలర్ల అప్పు ఆమె నెత్తిన పడ్డది. ఊరూరు తిరిగి ఉపన్యాసాలు చెప్పి ఆరేండ్లల్ల పైసతో సహా తీర్చింది.

ఇగ 1872. 14వ సవరణల ఇక్కడ పుట్టినోళ్లంత పౌరులే అని, పౌరుల హక్కులు ఏ రాష్ట్రం గూడ తగ్గించొద్దని ఉన్నది గదా. ఆడోళ్లు మనుషులే, ఇక్కడనే పుట్టిన్రు, అంటె పౌరులే. పౌరులకు ఓటు లేకుంటె ఇంక ఏముంటది? కొత్త చట్టం అడుగుడెందుకు, ఉన్న చట్టమే మాకు హక్కిచ్చింది అన్నది ఆమె వాదన. నవంబర్ 1 నాడు అక్కాచెల్లెండ్లను తోలుకొని తమ వార్డుల కటింగ్ షాపుల పెట్టిన ఓటరు నమోదు కాడికి పోయింది. ఆడ కూసున్న ముగ్గురు ఆగమాగమైన్రు. రాసుకోకుంటె మీ మీదనే కేసు ఏస్త అన్నది. రాసుకున్నరు. నవంబర్ 5 పొద్దుగాలనే ఆ వార్డుల 15 మంది ఆడోళ్లు ఓటేసిన్రు.

ఆమె మీద పెట్టిన సెక్షన్ 1870ల తెచ్చిన చట్టంలది. నల్లోళ్లను ఓటెయ్యనియ్యకుంట బెదిరించే ముఠాలను పట్టనీకె చేసిన చట్టం అది. దాన్ని తీసుకొచ్చి ఓటేసిన ఆడిదాని మీద పెట్టిన్రు. మూడేండ్ల జైలు దాక పడొచ్చు. బెయిలు వద్దు, జైలుకే పోత అన్నది, అట్లయితె కేసు పెద్ద కోర్టు దాక పోతది. గాని ఆమె వకీలు హెన్రీ సెల్డెన్, ఒక ఆడమనిషిని జైల్ల చూడలేక వెయ్యి డాలర్లు తనే కట్టి బయటికి తెచ్చిండు. ఆయన మనసు మంచిదే. ఆ మంచితనంతోనే పెద్ద కోర్టు తొవ్వ ఒకటి మూసుకపోయింది.

విచారణకు ముందు ఆమె తమ కౌంటీల 29 ఊర్లు తిరిగి, ఓటెయ్యుడు నేరమా అని జనాన్నే అడిగింది. జ్యూరీ అంటె ఊరోళ్లల్లకెల్లి తీసిన పన్నెండు మంది, వాళ్లే నేరం అయిందా లేదా చెప్పాలె. ఈమె మాటలు ఇన్న జనంతోని జ్యూరీ పనికిరాదని సర్కారు వకీలు కేసును పక్క కౌంటీకి మార్పించిండు. ఆమె ఆ కౌంటీల గూడ 21 ఊర్లు తిరిగింది.

1873 జూన్ 17న కానన్‌డెయిగ్వా అనే ఊర్ల కోర్టు కూసున్నది. జడ్జి వార్డ్ హంట్, సుప్రీం కోర్టు నుంచి వచ్చినాయన. ఆడిది గనుక ఆమె తన కేసుల తను సాక్ష్యం చెప్పొద్దన్నరు. వాదనలు అయిపోంగనే జడ్జి జేబుల నుంచి ముందుగాలనే రాసుకొచ్చిన కాయితం తీసి చదివిండు. నేరం అయినట్టే రాసుకోండ్రని జ్యూరీకి హుకుం ఇచ్చిండు. పన్నెండు మందిని ఒక్క మాట గూడ అడగలే. మరుసటి రోజు శిక్ష ఏసే ముందు, నువ్వు చెప్పేదేమన్న ఉన్నదా అని రివాజు ప్రకారం అడిగిండు. అడగకున్నా బాగుండు అనుకొని ఉంటడు. కూసో అని ఆయన మళ్ల మళ్ల అంటున్నా ఆమె నిలవడే చెప్పింది. చట్టం చేసింది మొగోళ్లు, దానికి అర్థం చెప్పింది మొగోళ్లు, జడ్జి మొగోడు, జ్యూరీ మొగోళ్లు, నాకు సాటివాళ్ల ముందల విచారణ ఎక్కడ జరిగింది అని అడిగింది. పారిపోయి వచ్చిన బానిసకు దూప తీర్చుడు గూడ ఒకప్పుడు చట్టం లెక్కల నేరమే, మంచోళ్లు ఆ చట్టాన్ని లెక్క చెయ్యలే, నేను గూడ ఈ చట్టాన్ని లెక్క చెయ్య అన్నది. నూరు డాలర్ల జుర్మానా ఏసిండు. ఒక్క డాలరు గూడ కట్ట అన్నది. కట్టేదాక జైల్ల పెట్టమని జడ్జి అనలే. తెలివితోనే అనలే, జైల్ల పెడితే ఆమె పై కోర్టుకు పోతది గదా.

ఓట్లు తీసుకున్న ఆ ముగ్గురికి గూడ తలా 25 డాలర్ల జుర్మానా పడ్డది. ఇద్దరు కట్టమని 1874 ఫిబ్రవరిల జైలుకు పోయిన్రు. ఆ ఓటేసిన ఆడోళ్లే దినాం జైలుకు బువ్వ వండి పంపిన్రు. ఆఖరికి ప్రెసిడెంట్ గ్రాంట్ మాఫీ చేసిండు. 1875ల ఇంకో కేసుల సుప్రీం కోర్టు తేల్చేసింది, ఆడోళ్లు పౌరులే గాని పౌరులైనంత మాత్రాన ఓటు రాదు అని.

1876 జులై 4న దేశానికి నూరేండ్లు నిండినయి. ఫిలడెల్ఫియాల పెద్ద పండుగ. ఆడోళ్ల ప్రకటన చదవనియ్యమని అడిగితే నిర్వాహకులు కుదరదన్నరు. పెద్దమనుషులు 1776 ప్రకటన చదువుడు అయిపోంగనే సుసాన్, ఇంకో నలుగురు ఆడోళ్లు సక్కగ వేదిక మీదికి నడిచిన్రు. తాము రాసుకొచ్చిన కాయితాన్ని అధ్యక్షత చేస్తున్నాయన చేతుల పెట్టిన్రు. ఆయన తెల్లవోయి అందుకున్నడు. తిరిగి పోతూ కుర్చీల నడుమ జనానికి ఆ కాయితాలు పంచుకుంట బయటికొచ్చి, ముందర కట్టిన వేరే వేదికెక్కి గట్టిగ చదివింది.

మిగిలిన ముప్పై ఏండ్లు ఒక్క తీరే. ఏటా వాషింగ్టన్ పోవుడు, కాంగ్రెసుల అడుగుడు. ఓటు సవరణ 1878ల మొదటిపారి కాంగ్రెసుల పెట్టిన్రు, 1887ల సెనేట్ ఓటింగుల పడిపోయింది. 1900ల రోచెస్టర్ యూనివర్సిటీల ఆడపిల్లలను చేర్చుకోవాల్నంటె యాభై వేల డాలర్లు కట్టాలన్నరు. ఆఖరి రెండు వేలు తక్కువ పడితే ఎనభై ఏండ్ల ముసలామె తన బీమా పాలసీని పూచీ పెట్టింది.

డగ్లస్‌తోని దోస్తానా మాత్రం తెగలే. గాని 1895ల అట్లాంటాల సభ పెట్టినప్పుడు, దక్షిణాది తెల్ల ఆడోళ్లకు కోపమొస్తదని ఆయన్ను రావొద్దన్నది. సెనెకా ఫాల్స్‌ల ఆడోళ్ల కోసం లేసి నిలవడ్డ మనిషిని. నల్లజాతి పత్రికా రచయిత ఐడా వెల్స్ ఆమె ఇంట్ల ఉన్నప్పుడు, ఇది తప్పని మొహం మీదనే చెప్పింది. ఆ ఐడా వెల్స్ చెప్పేది రాసుకోనని తెల్ల స్టెనో అంటే, సుసాన్ ఆ స్టెనోను అప్పుడే పనిలకెల్లి తీసేసింది. ఇంట్ల ఒక తీరు, సంఘంల ఇంకో తీరు. అట్లాంటా సభ అయిన రెండు వారాలకు, ఫిబ్రవరి 20న, వాషింగ్టన్‌ల ఆడోళ్ల సభకు డగ్లస్ వచ్చిండు. సుసాన్ ఆయన్ను తోలుకొని వేదిక మీదికి నడిపిచ్చింది. ఆ రాత్రే ఇంట్ల గుండె ఆగి ఆయన చనిపోయిండు.

ఆమె 1906 మార్చి 13న రోచెస్టర్‌ల తన ఇంట్లనే పోయింది. అప్పటికి ఆడోళ్లకు పూరా ఓటు ఉన్నది నాలుగే రాష్ట్రాలల్ల. 1920 ఆగస్టు 18న టెనెసీ రాష్ట్రం ఒప్పుకుంటనే 19వ సవరణ పాసైంది. ఆ ఓటింగుల తక్కెడను తిప్పింది 24 ఏండ్ల పిలగాడు హ్యారీ బర్న్, అవుననమని అమ్మ రాసిన చిట్టి జేబుల పెట్టుకొని వచ్చిండు. 1848ల సెనెకా ఫాల్స్‌ల సంతకం పెట్టిన ఆడోళ్లల్ల అప్పటికి బతికున్నది ఒక్కామెనే. మన దగ్గర రాజ్యాంగం 1950ల ఆడ మగ తేడా లేకుంట ఒక్కపారే ఓటిచ్చింది గాని, మొదటి ఎలక్షన్లకు దేశం మొత్తం మీద 28 లక్షల దాక ఆడోళ్ల పేర్లు లిస్టు నుంచి తీసెయ్యాల్సి వచ్చింది. ఫలానాయన భార్య, ఫలానాయన బిడ్డ అనే తప్ప సొంత పేరు రాయించలే.

అమెరికాల దక్షిణాది రాష్ట్రాలల్ల నల్ల ఆడోళ్లకు 1920 సవరణ కాయితం మీదనే ఉన్నది. చదువు పరీక్షలని, పన్నులని, బెదిరింపులని అడ్డం పెట్టి ఆపిన్రు. 1965ల ఓటు హక్కుల చట్టం వచ్చినంకనే ఆ గేట్లు తెరుచుకున్నయి.

2020ల అమెరికా ప్రెసిడెంట్ సుసాన్ నేరాన్ని మాఫీ చేస్తున్నమని సంతకం పెట్టిండు. మాడిసన్ వీధిల ఆమె ఇల్లు ఇప్పుడు మ్యూజియం. దాన్ని నడిపేటోళ్లు ఆ మాఫీ మాకొద్దన్నరు. మాఫీ తీసుకుంటె ఆ విచారణ సరైందని ఒప్పుకున్నట్టు అయితదని చెప్పిన్రు. ఆ నూరు డాలర్ల జుర్మానా ఆమె బతికుండగ కట్టనే లేదు.